మూడు మంచి సలహాలు, ఒక ఐసీయూ అడ్మిషన్

ఈ కేసు రాయడానికి పేషెంటు ఒప్పుకున్నారు. "రాయండి సార్, ఇంకొకళ్లకు ఇలా కాకూడదు" అన్నారు. ఆయన్ను గుర్తుపట్టే వివరాలు మార్చాను. జబ్బు యూగ్లైసీమిక్ కీటోఅసిడోసిస్, అంటే షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆసిడ్ పేరుకుపోవడం. మెడిసిన్ చదివినవాళ్లకు ఇది తెలిసిన జబ్బే. నేను రాయాలనుకున్నది అది వచ్చిన దారి గురించి. ఆయనకు సలహా ఇచ్చినవాళ్లు ముగ్గురు. ముగ్గురూ ఆయన మేలు కోరేవాళ్లే. ముగ్గురూ చెప్పింది తమకో, తమ ఇంట్లోవాళ్లకో నిజంగా పనిచేసిందే. అయినా ఆయన ప్రాణం మీదికి వచ్చింది.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 54. గుంటూరు జిల్లాలో ఓ పట్టణం, అక్కడ ఎరువులు, పురుగుమందుల దుకాణం. పదకొండేళ్లుగా టైప్ 2 షుగర్ ఉంది. ఫైలు ప్రకారం వాడుతున్న మందులు రెండే: రోజుకు రెండుసార్లు మెట్‌ఫార్మిన్, రాత్రి పడుకునే ముందు 16 యూనిట్ల గ్లార్జిన్ ఇన్సులిన్. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ అంతకుముందు వేసవిలో 8.4.

కార్తీక సోమవారం పగలంతా ఉపవాసం ఉన్నారు. చీకటి పడ్డాక కూడా కాస్త పెరుగు, పండు తప్ప ఏమీ తినలేదు. తెల్లవారుజామున వాంతులు, పొట్ట పైభాగంలో నొప్పి మొదలయ్యాయి. వీధిలోని ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోమీటరుతో చూస్తే 168. షుగర్ బాగానే ఉంది, ఉపవాసానికి గ్యాస్ పట్టిందని ఇంజెక్షన్ ఇచ్చి వెళ్లారు. చేతిలో గ్లూకోమీటరు తప్ప ఇంకేమీ లేనప్పుడు ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. మధ్యాహ్నానికి మనిషి మగతలోకి జారిపోతున్నారు, ఆయాసం ఎక్కువైంది. అప్పుడు కారులో మా ఆసుపత్రికి తెచ్చారు.

నాడి 118, బీపీ 100/60, నిమిషానికి 28 సార్లు ఊపిరి. ఇంట్లోవాళ్లు ఆయాసం అన్నారు గానీ అది ఉబ్బసం ఉన్నవాళ్ల ఆయాసంలా లేదు. పిల్లికూతలు లేవు, ఆక్సిజన్ 98 శాతం ఉంది, స్టెతస్కోప్ పెడితే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఛాతీ మొత్తం కదిలేలా లోతుగా, ఆగకుండా పీలుస్తున్నారు. రక్తంలో ఆసిడ్ పేరుకున్నప్పుడు కార్బన్ డై ఆక్సైడ్‌ను బయటికి నెట్టి దాన్ని కొంతైనా తగ్గించుకోవాలని శరీరం పడే పాటు అది. ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, పాంక్రియాస్ (క్లోమం) వాపును పట్టే లైపేజ్ పరీక్ష మామూలుగా ఉన్నాయి. మా దగ్గర చూసిన షుగర్ 174.

రక్తంలో ఆసిడ్ పరీక్ష అనుమానాన్ని తేల్చేసింది. రక్తం ఎంత ఆసిడ్‌గా ఉందో చెప్పే పీహెచ్ 7.18కి పడిపోయింది, ఆసిడ్‌ను అదుపులో ఉంచే బైకార్బొనేట్ 8, పేరుకున్న ఆసిడ్ల లెక్క చెప్పే ఆనయాన్ గ్యాప్ 24. లాక్టేట్ మామూలుగా ఉంది కాబట్టి మెట్‌ఫార్మిన్ వల్ల వచ్చే లాక్టిక్ అసిడోసిస్ కాదు. కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆసిడ్లను కీటోన్లు అంటారు. వేలి చివర చుక్కతో కీటోన్ మీటరులో చూస్తే 5.8 వచ్చింది. 3 దాటితే ప్రమాదం కింద లెక్క.

కీటోఅసిడోసిస్ అని తెలిసింది. ఎందుకొచ్చిందో చెప్పింది మాత్రం యూరిన్ రిపోర్టు. అందులో కీటోన్లు మూడు ప్లస్సులు, అది అనుకున్నదే. దాని కింది వరసలో షుగర్ కూడా మూడు ప్లస్సులు. మామూలుగా రక్తంలో షుగర్ సుమారు 180 దాటితేనే మూత్రంలోకి దిగుతుంది. ఈయనకు పొద్దున 168, మా దగ్గర 174. మరి మూత్రంలోకి ఇంత షుగర్ ఎక్కణ్నుంచి వచ్చింది? కిడ్నీ చేత బలవంతంగా షుగర్‌ను వదిలించే మందు ఏదో ఒంట్లో ఉండి ఉండాలి. ఆ పని చేసే మందులు ఒక్క కోవవే, ఎస్‌జీఎల్‌టీ2 మందులు. పేర్లన్నీ గ్లిఫ్లోజిన్ అని ముగుస్తాయి: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్, రెమోగ్లిఫ్లోజిన్.

అడిగిన తీరు

ఫైలులో ఆ మందు లేదు. ఆయన భార్య తెచ్చిన డబ్బాలోనూ లేదు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అని మా డ్యూటీ డాక్టరు అప్పటికే ఒకటికి రెండుసార్లు అడిగారు. "లేదండీ, ఇవే" అని ఆమె చెప్పింది. ఆమెకు తెలిసిన నిజం అదే. డబ్బాలో ఇన్సులిన్ పెన్ను ఉంది. తీసి వెలుతురులో చూస్తే గాజు గొట్టం నిండుగా ఉంది, అంటే సూది వేసుకోవడం లేదేమో. ఆ మందు బయటపడటానికి ముందు నా చేతికి దొరికిన ఇంకో ఆధారం అది.

నేను మంచం పక్కన కూర్చుని అడిగిన ప్రశ్న వేరు. "ఈమధ్య షుగర్ తగ్గడానికి మీకెవరైనా ఏదైనా మంచి చెప్పారా?"

ఆయన కళ్లు తెరిచారు. "మా బావమరిది చెప్పాడండీ, అన్నం మానేశాను." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "వాకింగులో ఒకాయన బిళ్ళ చెప్పాడు. గల్లాపెట్టెలో ఉంది."

అబ్బాయి దుకాణానికి పరిగెత్తి తెచ్చాడు. డాపాగ్లిఫ్లోజిన్ 10 మిల్లీగ్రాములు, సగానికి పైగా అయిపోయిన స్ట్రిప్పు. ఇన్సులిన్ సంగతి అడిగితే, దీపావళి తర్వాత మానేశానని ఒప్పుకున్నారు. అదీ ఒకరు చెప్పిందే.

ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా గురించి మా జూనియర్లతో చాలాసార్లు మాట్లాడాను. "ఏం మందులు వాడుతున్నారు?" అంటే, డాక్టరు రాసినవి చెప్పాలి కాబోలు అనుకుంటారు. స్నేహితుడు చెప్పింది, బజార్లో కొన్నది, పేపర్లో పొట్లం కట్టి ఇచ్చిన పొడి వాళ్ల దృష్టిలో మందుల కింద రావు. ఇక "ఎవరు చెప్పారు నీకు?" అని గద్దిస్తే చెప్పిన మనిషిని కాపాడుకోవాలని చూస్తారు, నోరు మెదపరు. "ఎవరైనా మంచి చెప్పారా?" అంటే అందులో తప్పు పట్టే ధోరణి లేదు. మగతలో ఉన్న మనిషి కూడా జవాబు చెప్పగలిగాడు.

ఒంట్లో జరిగింది

డాపాగ్లిఫ్లోజిన్ మంచి మందు. రోజుకు యాభై గ్రాములకు పైగా షుగర్‌ను మూత్రంలో పంపించేయగలదు. బరువు తగ్గుతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకూ, కిడ్నీ దెబ్బతింటున్నవాళ్లకూ ఎంతో మేలు చేస్తుందని పెద్ద పరిశోధనల్లో తేలింది. నేనూ రోజూ రాస్తాను. మన దేశంలో దీని పేటెంటు 2020 అక్టోబరులో ముగిసింది. చాలా కంపెనీలు తయారుచేయడం మొదలుపెట్టాయి, ధర బాగా తగ్గింది. ఎంపాగ్లిఫ్లోజిన్‌కు అదే 2025 మార్చిలో జరిగింది. చౌకగా దొరకడం పేషెంట్లకు వరం. అదే సమయంలో, చీటీ లేకుండా స్ట్రిప్పు ఫొటో చూపించి కొనుక్కోవడమూ తేలికైపోయింది.

ఇన్సులిన్ పని షుగర్‌ను తగ్గించడం ఒక్కటే కాదు. కొవ్వు కరిగి కీటోన్లుగా మారకుండా పట్టి ఉంచేదీ అదే. ఒంట్లో ఇన్సులిన్ బాగా తగ్గితే కొవ్వు అదుపు లేకుండా కరుగుతుంది, కాలేయం దాన్ని కీటోన్లుగా మారుస్తుంది. అవి ఆసిడ్లు. మామూలు కీటోఅసిడోసిస్‌లో షుగర్ కూడా 300, 400 దాటుతుంది కాబట్టి మీటరు చూడగానే భయపడి ఆసుపత్రికి వస్తారు. గ్లిఫ్లోజిన్ వేసుకున్నవాళ్లలో పెరగాల్సిన షుగర్ మూత్రంలో పోతూ ఉంటుంది. మీటరు మీద అంకె అందంగా కనిపిస్తుంది, లోపల ఆసిడ్ పెరుగుతూనే ఉంటుంది. 2015 మే నెలలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందులన్నిటి మీదా హెచ్చరిక చేసింది ఇందుకే.

ఈయన విషయంలో ఒక్కొక్కటే వచ్చి చేరాయి. వినాయక చవితి తర్వాత అన్నం మానేశారు. తిన్నది గుడ్లు, ఆకుకూరలు, పెరుగు, వెన్న. పిండిపదార్థం అందక శరీరం కొవ్వు మీదికి మళ్లింది. దసరా తర్వాత బిళ్ళ మొదలుపెట్టారు, ఉన్న కాస్త గ్లూకోజూ మూత్రంలోకి పోయింది. పొద్దున్నే షుగర్ 110, 105 రావడం మొదలైంది. పదకొండేళ్లలో ఆయన అంత మంచి అంకెలు చూడలేదు. బరువు 78 నుంచి 72 కిలోలకు వచ్చింది. ఇంత బాగుంటే సూదెందుకని దీపావళి తర్వాత ఇన్సులిన్ ఆపేశారు. చివరికి కార్తీక సోమవారం ఉపవాసం. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా బహుశా గండం గడిచేది.

చికిత్స

డాక్టర్ల కోసం ఈ భాగం క్లుప్తంగా. మొదటి గంటలో లీటరు నార్మల్ సెలైన్. పొటాషియం 4.1 ఉంది కాబట్టి ఆ తర్వాతి ప్రతి సెలైన్‌లోనూ పొటాషియం కలిపాం. ఇన్సులిన్ గంటకు 7 యూనిట్ల చొప్పున, దాంతోపాటు మొదటి నుంచే 10 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్. పీహెచ్ 7 పైనే ఉంది కాబట్టి బైకార్బొనేట్ ఇవ్వలేదు. డాపాగ్లిఫ్లోజిన్ ఆపేశాం.

ఐసీయూలో కొత్తగా చేరిన సిస్టర్ నా దగ్గరకు వచ్చి, "సార్, షుగర్ 150 ఉంది, ఇన్సులిన్ ఆపనా? ఆపకపోతే లో అయిపోతుందేమో" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ఇక్కడ ఇన్సులిన్ ఇస్తున్నది షుగర్ కోసం కాదు, కీటోన్లు తయారవకుండా ఆపడం కోసం. షుగర్ పడిపోకుండా డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తున్నాం. షుగర్ తగ్గితే డెక్స్‌ట్రోజ్ పెంచాలి తప్ప ఇన్సులిన్ ఆపకూడదు. ఆనయాన్ గ్యాప్ మామూలుకు వచ్చేదాకా ఇదే పద్ధతి. షుగర్ బాగుందని ఇన్సులిన్ తీసేయడం వల్లే ఈ కేసుల్లో చాలావరకు మళ్లీ తిరగబెడతాయి.

అర్ధరాత్రికి పీహెచ్ 7.26కు వచ్చింది. మర్నాడు మధ్యాహ్నానికి కీటోన్లు 1 కిందికి దిగాయి, ఇడ్లీ తిన్నారు. యూరిన్‌లో షుగర్ మాత్రం వార్డుకు మార్చిన తర్వాత కూడా పడుతూనే ఉంది. ఈ మందు ఆపాక కూడా దాని ప్రభావం కొన్ని రోజులు ఉంటుంది, అందుకే కీటోన్లు చూస్తూ ఉండాలి.

ముగ్గురూ వచ్చారు

వార్డుకు మార్చిన సాయంత్రం ముగ్గురూ కొబ్బరిబొండాలు పట్టుకుని వచ్చారు. ఎవరి మాట ఎటు పోయిందో ఆయన భార్య అప్పటికే ఫోన్‌లో అడిగేసినట్టుంది. రిటైరైన బ్యాంకు ఆఫీసరు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"డాక్టర్ గారూ, ఆ బిళ్ళ చెప్పింది నేనేనండీ."

ఆయన మొహం చూస్తే రాత్రంతా నిద్రపోలేదని తెలుస్తోంది. నేను కుర్చీ చూపించి కూర్చోమన్నాను.

"మీకు ఆ బిళ్ళ ఎందుకు రాశారండీ?"

"గుండెకండీ. పంపింగు తక్కువుందని హైదరాబాద్‌లో గుండె డాక్టరు రాశారు."

"మీకు షుగర్ ఎన్నేళ్ల నుంచి?"

"నాకు షుగర్ లేదండీ."

మంచం మీది మనిషి ఒక్కసారిగా తల తిప్పారు. "మీకు షుగర్ లేదా మాస్టారూ?"

ఇద్దరూ కాలేజీ గ్రౌండులో రోజూ పక్కపక్కన నడిచేవాళ్లు. ఆఫీసరు గారు గ్రౌండులో అన్న మాట ఇది: "ఇది షుగర్ బిళ్ళేనట, కానీ గుండెకూ కిడ్నీకీ కూడా మంచిదట. నాలుగు కిలోలు తగ్గాను." అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. షుగర్ లేని గుండె జబ్బువాళ్లకు ఈ మందు ఇవ్వొచ్చని 2020 నుంచీ అనుమతి ఉంది. అలాంటివాళ్లలో కీటోఅసిడోసిస్ దాదాపు కనిపించదు, ఎందుకంటే వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ కావలసినంత ఉంటుంది. ఆయన ఒంటికి ఆ బిళ్ళ నూటికి నూరుపాళ్లు సరైనది. వినే ఆయన మాత్రం, షుగర్ బిళ్ళ వేసుకుంటున్నాడంటే ఈయనకూ నాలాగే షుగర్ ఉందని అనుకున్నారు. చెప్పే ఆయనకు, నాకు షుగర్ లేదు సుమా అని చెప్పాలన్న ఆలోచన రాలేదు.

పేషెంటు భార్య కాఫీ తేవడానికి కిందికి వెళ్లినప్పుడు ఇంకో సంగతి అడిగాను. ఈ మందు వాడేవాళ్లలో మూత్రంలో షుగర్ పోతూ ఉండటం వల్ల మర్మాంగాల దగ్గర ఫంగస్ పట్టి దురద రావడం మామూలు. పేషెంటు తల దించుకుని, "నెల నుంచీ ఉందండీ, మెడికల్ షాపులో పౌడరు అడిగి వేసుకుంటున్నా" అన్నారు. బ్యాంకు ఆఫీసరు కాసేపు ఆగి, "నాకూ వచ్చిందండీ. మా డాక్టరు ముందే చెప్పారు, శుభ్రంగా కడుక్కోమన్నారు, తగ్గింది" అన్నారు.

గ్రౌండులో నాలుగు కిలోలు తగ్గిన సంగతి పదిమందికి తెలుసు. దురద సంగతి ఎవరికీ తెలియదు. మనం కలిసినప్పుడు చెప్పుకునే మందుల కబుర్లలో నన్ను బాగా కలవరపెట్టే విషయం ఇది. మేలు జరిగిందని సంతోషంగా చెప్పుకుంటాం. సిగ్గుపడే ఇబ్బంది, భయపడిన రాత్రి, మధ్యలో మానేసిన సంగతి మాత్రం మనలోనే ఉంచుకుంటాం. వినేవాళ్ల చేతికి సగం మాటే వెళుతుంది. ఆ సగం విని, అంతా మేలే అని నమ్ముతారు.

బావమరిది వయసు 41. షుగర్ వచ్చి రెండేళ్లు, మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతున్నాడు. అన్నం, చపాతీ మానేసి 92 కిలోల నుంచి 81కి వచ్చాడు. హెచ్‌బీఏ1సీ 6.3. "బావా, నాకు తగ్గింది కదా అని నీకూ చెప్పాను" అన్నాడు, గొంతు పూడుకుపోయింది. అతను చేసింది అతనికి మేలే చేసింది. షుగర్ కొత్తగా వచ్చి, బరువు ఎక్కువున్నవాళ్లలో పాంక్రియాస్ ఇంకా ఇన్సులిన్ బాగానే తయారుచేస్తుంది. పిండిపదార్థం తగ్గిస్తే దాని మీద భారం తగ్గుతుంది. పదకొండేళ్ల షుగర్‌తో, ఇన్సులిన్ మీద ఉన్న బావకు లోపల మిగిలింది చాలా తక్కువ. డిశ్చార్జి తర్వాత, సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సీ-పెప్టైడ్ పరీక్ష చేయిస్తే అది అంకెల్లోనూ కనిపించింది: 0.6. సొంత ఇన్సులిన్ అంత తక్కువగా తయారయ్యే మనిషికి సూది తప్పదు.

మూడో ఆయన పేషెంటు దుకాణానికి ఎదురుగా బట్టల దుకాణం నడుపుతారు. వాళ్లమ్మగారికి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేసినప్పుడు ఇన్సులిన్ పెట్టారు, ఇంటికి వచ్చాక తీసేసి బిళ్ళలు ఇచ్చారు, ఆవిడ ఇప్పటికీ బాగున్నారు. "ఇన్సులిన్ ఒంటికి అలవాటైతే వదలదు, మా అమ్మకు ఆపేశారు, ఏమీ కాలేదు. నీకు 112 వస్తుంటే ఇంకెందుకు?" అని ఈయనతో అన్నారు. ఆపరేషన్ సమయంలో ఒంటికి కలిగే ఒత్తిడితో పెరిగిన షుగర్‌కు తాత్కాలికంగా ఇచ్చే ఇన్సులిన్ అది. గాయం మానాక అవసరం తీరిపోతుంది. ఈ తేడా వాళ్లమ్మగారి డిశ్చార్జి కాగితంలో ఉండే ఉంటుంది. ఆయనకు గుర్తున్నది మాత్రం ఇన్సులిన్ ఆపారు, అమ్మ బాగుంది అన్న రెండు ముక్కలే.

ముగ్గురూ ఒకే గదిలో కూర్చున్నాక ఇంకొకటి బయటపడింది. మిగతా ఇద్దరు ఏం చెప్పారో ఒక్కరికీ తెలియదు. బ్యాంకు ఆఫీసరుకు ఆయన ఇన్సులిన్ వాడుతున్నాడనే తెలియదు. బట్టల దుకాణం ఆయనకు 112 అంకె తెలుసు, ఆ అంకె వెనక బిళ్ళ ఉందని తెలియదు. బావమరిదికి ఉపవాసం సంగతి తెలియదు. అన్నీ తెలిసిన మనిషి ఒక్క పేషెంటే. వాటిని కలిపి చూడగలిగిన చదువు ఆయనకు లేదు, చూడగలిగినవాళ్లకు ఆయన చెప్పలేదు.

నేను ఆ ముగ్గురినీ కోప్పడలేదు. ఆ పూట గదిలో కోపానికి చోటు లేదు కూడా. మూత్రంలో షుగర్ ఎలా పోయిందో, ఆసిడ్ ఎలా పెరిగిందో కాగితం మీద బొమ్మ గీసి నలుగురికీ కలిపి చెప్పాను. మీరు చెప్పింది మీకు సరైనదేనని ముగ్గురికీ విడివిడిగా చెప్పాను. ఆ మాట చెప్పాకే బ్యాంకు ఆఫీసరు నీళ్లు తాగారు. ఆయన మర్నాటి నుంచి తన బిళ్ళ మానేస్తే ఆయన గుండెకు ప్రమాదం. ఈ కేసు విన్న భయంతో గ్రౌండులో ఇంకో నలుగురు మానేసినా అంతే ప్రమాదం.

మాటలు ఆగవు, ఆగకూడదు

దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో అంచనా వేసింది. ఏ గ్రౌండులో నడిచినా, ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఇద్దరు షుగర్ వాళ్లు కలుస్తారు, కలిస్తే అదే మాట్లాడుకుంటారు. ఓపీలో ఒక్కొక్కరికి మేం ఇవ్వగలిగేది కొన్ని నిమిషాలు. గ్రౌండులో స్నేహితుడు ఇచ్చేది రోజూ ఒక గంట. సూది ఎక్కడ వేసుకుంటే నొప్పి తక్కువ, పెళ్లికి వెళ్తే ఏం తినాలి, భార్యాభర్తల మధ్య వచ్చే ఇబ్బంది ఎవరితో చెప్పుకోవాలి, ఇవన్నీ అక్కడే తేలతాయి. మొదటిసారి షుగర్ పరీక్షకు వచ్చినవాళ్లను ఎందుకొచ్చారని అడిగితే, తెలిసినవాళ్లెవరో చూపించుకోమన్నారనే చెబుతారు చాలామంది. అరికాలి పుండును ముందుగా చూసి కోప్పడి పంపించేదీ స్నేహితులే. పక్కవాళ్ల మాట వినొద్దని బోర్డు పెట్టే డాక్టర్లను చూశాను. ఆ బోర్డు చూసినవాళ్లు వినడం మానరు, మనకు చెప్పడం మానేస్తారు.

నడకలో ఎవరైనా ఒక బిళ్ళ పేరు చెబితే, దానితోపాటు అది తనకు ఎందుకు రాశారో కూడా చెప్పాలన్నది నా కోరిక. వినేవాళ్లు కూడా అడగాలి: నీకు షుగర్ ఉందా, ఎన్నేళ్లుగా, దాంతోపాటు ఇంకేం వాడుతున్నావు, ఇబ్బంది ఏమైనా వచ్చిందా? ఈ నాలుగు మాటలకూ రెండు నిమిషాలు పట్టదు. దసరా తర్వాత ఆ పొద్దున ఈయన "మీకు షుగర్ ఎన్నేళ్ల నుంచి మాస్టారూ?" అని అడిగి ఉంటే, ఆ జవాబుతోనే బిళ్ళ సంగతి తేలిపోయేది.

అన్నిటికంటే ముఖ్యం, డాక్టరు రాసిన ఇన్సులిన్‌ను ఎవరి మాట మీదా, ఏ అంకె చూసీ సొంతంగా ఆపకూడదు. అంకె బాగుండటానికి ఆ ఇన్సులినే కారణం కావచ్చు.

మా దగ్గర మార్చుకున్నవి

ఓపీ కాగితంలో మందుల వరస కింద ఇంకో గడి పెట్టించాను: "ఎవరైనా చెప్పింది ఏమైనా చేస్తున్నారా? తిండి, బిళ్ళ, పొడి, కషాయం, ఉపవాసం." సిస్టర్లే అడిగి రాస్తారు, నవ్వుతూ అడుగుతారు. కాకరకాయ రసం దగ్గర్నుంచి, కూతురు అమెరికా నుంచి పంపిన బిళ్ళల దాకా అందులో ఎక్కుతున్నాయి. చాలావాటితో నష్టం లేదు, అలాగే కానివ్వండి అంటాం. ఆపాల్సినవి అప్పుడప్పుడే వస్తాయి గానీ, ఆ గడి లేకపోతే అవి మా కంట పడేవి కావు.

గ్లిఫ్లోజిన్ రాసే ప్రతి మనిషికీ తెలుగులో చిన్న కార్డు ఇస్తున్నాం. వాంతులు, విరేచనాలు, తిండి తినలేని జ్వరం, రోజంతా ఉపవాసం, ఏదైనా ఆపరేషన్, ఈ సందర్భాల్లో ఈ బిళ్ళ ఆపి మాకు ఫోన్ చేయాలి. ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. వాంతులు, కడుపునొప్పి, లోతైన ఆయాసం ఉంటే షుగర్ 150 ఉన్నా సరే ఆసుపత్రికి రావాలి, వచ్చి ఈ కార్డు చూపించాలి. కార్డు వెనక మందు పేర్లున్నాయి. ఎందుకంటే ఇప్పుడు గ్లిఫ్లోజిన్‌ను మెట్‌ఫార్మిన్‌తోనో, సిటాగ్లిప్టిన్‌తోనో కలిపి ఒకే బిళ్ళగా అమ్ముతున్నారు. స్ట్రిప్పు మీద పెద్దక్షరాల్లో బ్రాండు పేరు ఉంటుంది, కింద చిన్నక్షరాలు చదివితే తప్ప లోపల ఏముందో తెలియదు.

బ్యాంకు ఆఫీసరు గారు పిలిస్తే ఓ ఆదివారం వాళ్ల గ్రౌండుకు వెళ్లాను. నడక అయ్యాక రాగిజావ బండి దగ్గర అందరూ చేరారు. మాట్లాడింది నేను కాదు, ఆయనే. తనకు షుగర్ లేదన్న సంగతితో మొదలుపెట్టి, దురద సంగతి కూడా దాచకుండా చెప్పారు. ఆ తర్వాత అక్కడున్నవాళ్లలో ఒకాయన తన జేబులోంచి స్ట్రిప్పు తీసి, "ఇది అదేనా సార్?" అని చూపించారు. అదే. ఆయన డాక్టరు రాసిందే, వాడుకోమని చెప్పాను. కార్డు ఒకటి ఇచ్చాను.

ఆ తర్వాత

పేషెంటు గ్లార్జిన్, మెట్‌ఫార్మిన్ మీద ఇంటికి వెళ్లారు. డాపాగ్లిఫ్లోజిన్ మళ్లీ మొదలుపెట్టలేదు. ఒకసారి కీటోఅసిడోసిస్ వచ్చిన మనిషికి, సొంత ఇన్సులిన్ ఇంత తక్కువగా ఉన్నప్పుడు ఇవ్వడం మంచిది కాదు. అన్నం పూర్తిగా మానలేదు, మధ్యాహ్నం ఒక కప్పు, దాంతోపాటు ఎక్కువ కూర, పప్పు. బావమరిది ఒత్తిడి చేసింది ఈసారి దీనికే. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.2, బరువు 75 కిలోలు. దురద తగ్గింది. ఉపవాసం ఉండాలనుకుంటే ముందుగా వచ్చి ఇన్సులిన్ మోతాదు మార్పించుకుంటున్నారు. ఇంట్లో కీటోన్ స్ట్రిప్పులు పెట్టుకున్నారు.

వేసవిలో బ్యాంకు ఆఫీసరు నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ల గ్రౌండులో ఒకాయనకు హెర్నియా ఆపరేషన్ రెండు రోజుల్లో ఉంది, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నారు, ఆపాలన్న సంగతి ఆయనకు తెలియదు. "ఆయనకు షుగర్ ఉందండీ, ఎనిమిదేళ్లు. మెట్‌ఫార్మిన్ కూడా వాడుతున్నాడు. అన్నీ అడిగే ఫోన్ చేశాను" అన్నారు. బిళ్ళ ఈరోజే ఆపి, మత్తు డాక్టరుకు వెంటనే చెప్పమన్నాను. ఆపరేషన్‌ను ఆ వారం చివరికి వాయిదా వేశారు.